స్కూల్ సావనీర్ పేజీలు ఇరుగ్గా వస్తున్నాయి, పై లైన్ వత్తులు కింద లైన్‌కి తగులుతున్నాయి, ఏం చేయాలి?

కొత్త_కంపోజర్_నరసరావుపేట:

అందరికీ నమస్కారం. నేను నరసరావుపేట దగ్గర ఒక చిన్న డీటీపీ సెంటర్‌లో ఏడాదిన్నర నుంచి చేస్తున్నా, పెళ్ళి కార్డులు, పాంప్లెట్లు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు ఇవే ఎక్కువ, పుస్తకం పని మాత్రం ఇదే మొదటిసారి. మా ఊరి హైస్కూల్ స్వర్ణోత్సవాలకి పాత విద్యార్థులు సావనీర్ వేస్తున్నారు, ఏ4 సైజు 64 పేజీలు, నేను కూడా అదే స్కూల్లో చదివా కాబట్టి పని నాకే ఇచ్చారు, అందుకే ఎలాగైనా బాగా రావాలని ఉంది.

ఇన్‌డిజైన్‌లో (పేజీలు కంపోజ్ చేసే సాఫ్ట్‌వేర్) చేస్తున్నా. మండలి ఫాంట్, 13 సైజు, లైన్ గ్యాప్ ఆటోలోనే వదిలేసా, నాలుగు వైపులా అర అంగుళం మార్జిన్, ఒకటే కాలమ్, జస్టిఫై, అంటే లైన్లు రెండు అంచులకీ సమానంగా ఆనేట్టు. స్క్రీన్ మీద చూస్తే బాగానే ఉంది. నిన్న పది పేజీలు ప్రింట్ తీసి మా తెలుగు మాస్టారికి ప్రూఫ్‌కి ఇచ్చా, రిటైరై చాలా ఏళ్ళయింది ఆయన, రెండు పేరాలు చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి "కళ్ళు లాగుతున్నాయమ్మా, తర్వాత చూస్తాలే" అన్నారు. అప్పుడు నేను దగ్గర పెట్టుకుని చూస్తే ఒకచోట పైన "రాష్ట్రం" కింద లైన్‌లో "శ్రీ" వచ్చింది, ష్ట్ర కింద వత్తులు వెళ్ళి శ్రీ గుడి దీర్ఘానికి అంటుకుపోయి రెండూ కలిసి ఒక ముద్దలా ఉంది. అలాంటివి పేజీకి నాలుగైదు ఉన్నాయి.

ఇంకో సమస్య ఏంటంటే కమిటీ వాళ్ళు ఎక్కడ కాస్త ఖాళీ కనపడినా "ఇక్కడ ఇంకో ఫోటో పట్టుద్ది కదా" అంటున్నారు. ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చాయి. మ్యాటర్ సగం యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు), సగం అనూలో (డీటీపీ సెంటర్లలో వాడే పాత తెలుగు ఫాంట్లు) ఉంది. లైన్ గ్యాప్ ఎంత పెట్టాలి, మార్జిన్ ఎంత, ఫాంట్లు ఏవి వాడాలి, పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాత_ప్రెస్_బెజవాడ:

అమ్మా, ముందు ఆ ఆటో తీసెయ్. ఆటో అంటే 120 శాతం, అంటే 13 సైజుకి 15.6 గ్యాప్, అది ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే లెక్క, మనకి సరిపోదు. ఇంగ్లిష్‌లో కిందకి దిగేవి జీ, వై, పీ లాంటి నాలుగైదు అక్షరాలే, మనకి అక్షరం పైన తలకట్టు, గుడి, ఏత్వం, ఓత్వం ఉంటాయి, కింద వత్తు ఉంటుంది, వత్తు కింద ఇంకో వత్తు కూడా ఉంటుంది. నువ్వు చెప్పిన ష్ట్ర, స్త్ర, ఇంకా "దారిద్ర్యం"లో ద్ర్య, ఇవన్నీ ఒక మెట్టు ఎక్కువ దిగుతాయి. కాబట్టి తెలుగుకి సైజులో 140 నుంచి 150 శాతం దాకా గ్యాప్ ఇవ్వాలి, నీ 13కి 19 పెట్టు. 13 మీద 19. ఇది పెట్టి మళ్ళీ అదే పేజీ ప్రింట్ తీసి పాతదాని పక్కన పెట్టి చూడు, నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు.

మా నాన్న ట్రెడిల్ మిషన్ రోజుల్లో చేత్తో అక్షరాలు పేర్చేవాడు, లైన్‌కీ లైన్‌కీ మధ్య సీసపు పట్టీలు పెట్టేవాళ్ళు, లీడింగ్ అనే మాట ఆ సీసం నుంచే వచ్చింది. చిన్నప్పుడు ఆ పట్టీలు అందించడం నా పని. పట్టీ తగ్గిస్తే పేజీలో రెండు లైన్లు ఎక్కువ పట్టేవి, కాగితం కలిసొస్తుందని పార్టీలు అడిగేవాళ్ళు కూడా, నాన్న మాత్రం "చదవలేనప్పుడు కాగితం మిగిల్చి ఏం లాభం" అని తగ్గించేవాడు కాదు.

ఒక జాగ్రత్త చెప్తా. సైజు కోసం పెట్టే పాయింట్ అంకె చూసి మోసపోవద్దు. అనూలో 13 వేరు, యూనికోడ్‌లో 13 వేరు, యూనికోడ్‌లో కూడా ఫాంట్‌కీ ఫాంట్‌కీ తేడా ఉంటుంది, ఒకటి అదే సైజులో బొద్దుగా కనపడుద్ది ఇంకోటి సన్నగా చిన్నగా కనపడుద్ది. వాడదామనుకున్న ఫాంట్లన్నిట్లో ఒకే పేరా, అందులో "రాష్ట్రం, స్త్రీ, దారిద్ర్యం, శ్రీ, కీర్తి, హృదయం" ఈ మాటలన్నీ ఉండేట్టు టైపు చేసి ప్రింట్ తీసుకో. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఏ ఫాంట్ అయినా బాగానే ఉంటుంది, కాగితం మీద చూడాలి, అది కూడా ఆ మాస్టారి లాంటి వాళ్ళ చేతికి ఇచ్చి చూడాలి.

పేజీ తయారయ్యాక గోడకి అంటించి నాలుగడుగులు వెనక్కి వెళ్ళు. అంత దూరంలో చదవడానికి రాదు, నలుపు ఎక్కడ ముద్దగా ఉంది తెలుపు ఎక్కడ ఉంది అదే కనపడుద్ది. మంచి పేజీ అయితే ఒకటే బూడిద రంగు పరుచుకున్నట్టు ఉంటుంది, మధ్యలో హెడ్డింగ్ ఒక్కటే నల్లగా తేలుద్ది.

అక్షరం_పిచ్చి_కరీంనగర్:

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నేను ఇంకొన్ని కలుపుత చెల్లె.

ఏ4 మీద ఒకటే కాలమ్ వద్దు. నీ లెక్క ప్రకారం లైన్ పొడుగు 18 సెంటీమీటర్ల పైన వస్తది, కన్ను ఈ కొసకెల్లి ఆ కొసకు పోయి మళ్ళ వెనక్కి వచ్చేసరికి ఏ లైన్ చదువుతున్నమో తప్పిపోతం, మాస్టారికి అలుపొచ్చిందంటే సగం దీనివల్లనే అయి ఉంటది. రెండు కాలమ్స్ చెయ్యి. లోపలి మార్జిన్ 22 మిల్లీమీటర్లు, బయటిది 18, కాలమ్స్ నడుమ 6, అప్పుడు ఒక్కో కాలమ్ 82 మిల్లీమీటర్లు వస్తది. పైన 20, కింద 25. లోపల ఎందుకు ఎక్కువంటే బైండింగ్ దగ్గర కాగితం మలుపులోకి పోతది, అక్కడి అక్షరాలు చదవాలంటే పుస్తకం విరిచి పట్టుకోవాలె.

ఇంక జస్టిఫై. మన మాటలు పొడుగు, "పాల్గొనవలసిందిగా" లాంటిది ఒకటి లైన్ చివర పట్టకపోతే మొత్తం కిందికి దిగుతది, పైన మిగిలిన మూడు మాటలు సాగదీసుకొని నడుమ గుంతలు పడతయి. ఆ గుంతలు నాలుగు లైన్లల్ల ఒకదాని కింద ఒకటి వస్తే పేజీ నడుమ తెల్లగా కాలువ పారినట్టు ఉంటది. 82 మిల్లీమీటర్ల కాలమ్ల చాలావరకు సర్దుకుంటది, సర్దుకోనికాడ చేత్తోటి మాట విరగ్గొట్టు, డిస్క్రెషనరీ హైఫన్ (మాట లైన్ చివర విరిగితేనే కనపడే గీత) పెడితే తర్వాత మ్యాటర్ జరిగినా గీత అనవసరంగా నడుమ మిగలదు. విరిచేటప్పుడు అక్షరం కాడనే విరగాలె, వత్తు గాని సున్న గాని కిందికి పోవద్దు, ఒక్క అక్షరం ఒంటరిగా కింద లైన్‌ల మిగలొద్దు. ఫోటోల కింద రాసేవి, పక్క బాక్సులు, చిన్న కాలమ్‌లు ఇవి మాత్రం జస్టిఫై చెయ్యకు, ఎడమకు పెట్టు, కుడి వైపు ఎగుడుదిగుడుగా ఉన్నా చదవడానికి హాయిగా ఉంటది.

ఫాంట్లు రెండు చాలు. చదివే మ్యాటర్‌కి మండలి మంచిదే, హెడ్డింగ్‌కి రామభద్ర, ఇది మొదటి నుంచే లావుగా గీసిన ఫాంట్ కాబట్టి హెడ్డింగ్ నిలబడతది. లేకపోతే నోటో సెరిఫ్ తెలుగు ఒక్కటే తీసుకున్నా అయిపోతది, అందుల సన్నం నుంచి లావు దాకా అన్ని బరువులు ఉన్నయి. మూడూ ఫ్రీనే, గూగుల్ ఫాంట్స్‌ల దొరుకుతయి. మండలిల ఒకటే బరువు ఉంది, బోల్డ్ లేదు. వర్డ్‌ల బోల్డ్ నొక్కితే అది దొంగ బోల్డ్, గీతలకు అంచు పూసినట్టు అయ్యి వత్తులు పూడుకుపోతయి. ఇటాలిక్ కూడా మన అక్షరానికి పనికిరాదు, గుండ్రటి అక్షరాన్ని పక్కకు తోసినట్టు ఉంటది. ఏదన్నా మాట ఎత్తి చూపాలంటే వేరే బరువు వాడు లేకపోతే రంగు వాడు.

హెడ్డింగ్ పైన ఎక్కువ ఖాళీ, కింద తక్కువ ఖాళీ ఉండాలె. చానా మంది రెండు దిక్కులా సమానంగా పెడతరు, అప్పుడు హెడ్డింగ్ పై వ్యాసానిదా కింది వ్యాసానిదా అని కన్ను ఒక్క క్షణం ఆగుతది. హెడ్డింగ్, రాసినాయన పేరు, బ్యాచ్ సంవత్సరం ఈ మూడూ ఒక దగ్గర కుటుంబం లెక్క ఉండాలె. అన్నిట్నీ సెంటర్ చెయ్యకు, ఎడమ అంచు ఒకటి పట్టుకుంటే హెడ్డింగు, పేరు, మ్యాటరు అన్నీ ఆ అంచుకే ఆనాలె. ఇదంతా పేరాగ్రాఫ్ స్టైల్స్‌ల పెట్టుకో, ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతది, లేకపోతే రేపు కమిటీ వాళ్ళు "హెడ్డింగ్ కొంచెం చిన్నగ చెయ్యమ్మా" అంటే 40 చోట్ల మార్చుకుంట కూసోవాలె.

అనూ మ్యాటర్ అంతా ముందే యూనికోడ్‌కి మార్చి మొత్తం ఒకటే ఫాంట్‌ల చెయ్యి. కన్వర్ట్ అయినంక మక్కీకి మక్కీ ప్రూఫ్ చూడాలె, కొన్ని వత్తులు, విసర్గలు, కొటేషన్లు తారుమారు అవుతయి. సగం అనూ సగం యూనికోడ్ పెడితే రెండు చేతిరాతలు కలిపినట్టు ఉంటది. ఇంకోటి, అనూ అక్షరాల మధ్య ట్రాకింగ్ పెంచితే గుడులు, కొమ్ములు అక్షరం నుంచి విడిపోయి పక్కన నిలబడతయి, ఎందుకంటే అండ్ల అవి వేరే వేరే ముక్కలు. పెళ్ళి కార్డులల్ల పేరు సాగదీయడానికి అట్ల చేస్తరు, చూస్తే పానం గిలగిలలాడతది.

ఇన్‌డిజైన్‌ల వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ (మన లిపుల అక్షరాలు సరిగ్గ కలిపే సెట్టింగ్) ఆన్ ఉందా చూసుకో. లేకుంటే వత్తులు అక్షరం కిందికి పోక పొల్లు పెట్టినట్టు విడివిడిగా వస్తయి.

కొత్త_కంపోజర్_నరసరావుపేట:

అన్నా, పెద్దాయన గారూ, ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని మొత్తం మార్చా. రెండు కాలమ్స్, 13 మీద 19, హెడ్డింగ్ రామభద్ర. ఒక వ్యాసం పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇది నేనే చేశానా అనిపించింది. రాష్ట్రం కింద శ్రీ ఇప్పుడు హాయిగా ఉంది, మధ్యలో తెల్లగా సన్నటి సందు కనపడుతుంది.

కానీ ముందు పేజీకి 49 లైన్లు పట్టేవి ఇప్పుడు 37 పడుతున్నాయి, వ్యాసాలు 24 పేజీలు ఉన్నవి 33 అయ్యాయి, మొత్తం 73కి పోయింది. కమిటీ వాళ్ళకి చెప్తే ప్రెసిడెంట్ గారు "ఎందుకమ్మా అంత ఖాళీ, దగ్గరగా జరుపు, బడ్జెట్ దాటిపోద్ది" అన్నారు. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నా. సైజు 11కి తగ్గించమంటారా?

పాత_ప్రెస్_బెజవాడ:

11 వద్దమ్మా. ఈ సావనీర్ చదివేవాళ్ళలో సగం మంది 50 దాటినవాళ్ళు, మొదటి బ్యాచ్ వాళ్ళకి 65 ఉంటాయి. ఎవరి కోసం వేస్తున్నామో వాళ్ళకి కనపడాలి కదా.

కమిటీకి మాటల్లో చెప్పొద్దు, చెప్తే ఖాళీ ఖాళీ అనే అంటారు. రెండు పేజీలూ ప్రింట్ తీసి ప్రెసిడెంట్ గారికి చెరో చేతిలో పెట్టి ఏది చదువుతారో చదవమని అడుగు. 40 ఏళ్ళలో నేను ఈ పని చాలాసార్లు చేశా, ఇరుకు పేజీ చదువుతానన్న మనిషి నాకు తగల్లేదు.

పేజీల సంగతి. 73 కుదరదు, లోపల పిన్ కొట్టే పుస్తకం అయితే 4తో పోవాలి. 72 పోద్ది. కానీ మీ ప్రెస్ వాళ్ళని ముందు ఒక మాట అడుగు, ఫారానికి, అంటే ఒకేసారి అచ్చేసి మడిచే పెద్ద కాగితానికి, 8 పేజీలు వేస్తున్నారా 16 వేస్తున్నారా అని. 8 అయితే 72 సరిగ్గా తొమ్మిది ఫారాలు, ఏ బాధా లేదు. 16 అయితే 64 తర్వాత 80, మధ్యలో ఆగితే సగం ఫారం ఖర్చు విడిగా పడుద్ది. అప్పుడు 64కే దించే దారి చూడాలి.

ఎలా దించాలంటే అక్షరం తగ్గించి కాదు, శుభాకాంక్షల పేజీల దగ్గర చూడు. ప్రతి సావనీర్‌లోనూ అదే, ఒక్కొక్కళ్ళకి ఒక్కో పేజీ, పైన పెద్ద ఫోటో, కింద నాలుగు లైన్లు. పేజీకి ఇద్దర్ని పెట్టు, ఫోటోలు ఒకే సైజులో, ఒకే వరసలో, ఎవరికీ ఎక్కువా తక్కువా అనిపించదు. యాడ్స్ కూడా ఎక్కడ పడితే అక్కడ ఇరికించకుండా పావు పేజీ, అర పేజీ, ఫుల్ పేజీ మూడే కొలతలు పెట్టి అన్నీ వెనక ఒకచోట పెట్టు. వ్యాసం మధ్యలో సిమెంట్ కొట్టు యాడ్ పెడితే ఆ రాసినాయన మనసు కష్టపడుద్ది.

పిన్ కొట్టే పుస్తకంలో మధ్య కాగితాలు బయటికి తోసుకొస్తాయి, కటింగ్‌లో అవి ఎక్కువ తెగుతాయి. పేజీ నంబర్లు అంచుకి మరీ దగ్గరగా పెట్టకు, 12 మిల్లీమీటర్లన్నా లోపలికి ఉంచు.

ప్లేట్_రూమ్_హైదరాబాద్:

నేను అచ్చు మిషన్‌కి ప్లేట్లు తీసే దగ్గర పని చేస్తా, కలర్ పేజీకి నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు తీస్తాం, మా దగ్గరికి వచ్చే ఫైల్స్‌లో 10కి 6 ఈ తప్పులతోనే వస్తాయి కాబట్టి రాస్తున్నా.

ఫోటోల వెడల్పు పిక్సెల్స్‌ని 300తో భాగించండి, ఎన్ని అంగుళాలు వస్తే అంత వరకే ప్రింట్‌లో బాగుంటుంది. 900 పిక్సెల్స్ ఉంటే 3 అంగుళాలు, అంతే. ఫోటోషాప్‌లో 300 అని టైపు చేసి పెంచితే కొత్త వివరం రాదు, మసక పెద్దదవుతుంది. పంపినవాళ్ళకి ఫోన్ చేసి వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు తగ్గకుండా వస్తుంది. పాత గ్రూప్ ఫోటో అసలు ప్రింట్ ఎవరి ఇంట్లోనైనా ఉంటే తెచ్చి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి, దాన్ని ఫోన్‌తో తీస్తే అద్దం మెరుపు, వంకర రెండూ వస్తాయి. ముందు ఎప్పుడో పుస్తకంలో అచ్చయిన ఫోటోని స్కాన్ చేస్తే చుక్కలు చుక్కలుగా గళ్ళు పడతాయి, స్కానర్‌లో డీస్క్రీన్ ఆప్షన్ పెట్టుకోండి.

చదివే మ్యాటర్ నలుపు ఒక్క నలుపు ప్లేట్‌లోనే ఉండాలి, కే (నలుపు) 100, మిగతా మూడు రంగులూ సున్నా. వర్డ్ నుంచి తెచ్చిన మ్యాటర్‌లో నలుపు ఆర్‌జీబీలో (స్క్రీన్ కోసం వాడే రంగుల పద్ధతి) ఉంటుంది, అది నాలుగు రంగులుగా విడిపోతే మిషన్ మీద వెంట్రుక వాసి జరిగినా ప్రతి వత్తు చుట్టూ ఎరుపో నీలమో అంచు కనపడుతుంది. ఇంగ్లిష్ అక్షరానికి కాస్త దాగుతుంది, మన వత్తులు చిన్నవి కదా, పూర్తిగా పాడవుతుంది.

ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు పెట్టేటప్పుడు సన్న ఫాంట్ వద్దు, ఇంకు పాకి లోపలి సందులు మూసుకుపోతాయి, "భ" "బ" తేడా తెలీదు. ఒక మెట్టు లావు ఫాంట్, రెండు పాయింట్లు పెద్ద సైజు పెట్టండి. అంచు దాకా పోయే ఫోటోలకి మూడు మిల్లీమీటర్లు బ్లీడ్ వదలండి, అంటే కటింగ్ గీత దాటి బయటికి ఉంచండి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్ లోపలే కలిపిన) పీడీఎఫ్ ఇవ్వండి.

డల్లాస్_తెలుగు:

ఇక్కడ మా అసోసియేషన్ సావనీర్ నేనే చేస్తా, ఒక్క విషయం కలుపుతా. పాత విద్యార్థులు అమెరికా నుంచి యాడ్స్, వ్యాసాలు పేజీ చేసి పంపిస్తే అవి లెటర్ సైజులో ఉంటాయి, 216 బై 279 మిల్లీమీటర్లు, మీ ఏ4 210 బై 297. ఫిట్ చేద్దామని నిలువుగా సాగదీయకండి, అక్షరాలు, మొహాలు అన్నీ పొడుగ్గా అయిపోతాయి, మాకు ఒకసారి అలాగే అచ్చయి వచ్చింది. మ్యాటర్, ఫోటో విడిగా తెప్పించుకుని మీ పేజీలో మీరే పెట్టుకోండి.

కొత్త_కంపోజర్_నరసరావుపేట:

ఈరోజు సాయంత్రం రెండు పేజీలు తీసుకుని ప్రెసిడెంట్ గారి ఇంటికి వెళ్ళా, పెద్దాయన గారు చెప్పినట్టే చెరో చేతిలో పెట్టా. ఆయన కొత్త పేజీ చదువుతూ చదువుతూ అందులో ఆయన క్లాస్‌మేట్ రాసిన సంగతి దగ్గర ఆగిపోయి వాళ్ళ ఆవిడని పిలిచి పైకి చదివి వినిపించారు. పాత పేజీ టీపాయ్ మీదే ఉండిపోయింది. 72కి ఒప్పుకున్నారు, ప్రెస్ వాళ్ళది 8 పేజీల ఫారమే అంట. శుభాకాంక్షలు పేజీకి ఇద్దరు చేశా, మూడు పేజీలు మిగిలాయి, అందులో రెండు గ్రూప్ ఫోటోలకి ఇస్తున్నా, కూర్చున్నవారు, నిలబడినవారు అని వరసల ప్రకారం పేర్లు ఫోటో కిందే వచ్చేలా.

ఇంకొక్కటే అడుగుతా. చనిపోయిన మాస్టార్లకి శ్రద్ధాంజలి పేజీ ఉంది, 14 మంది. ఒకరిది పాస్‌పోర్ట్ ఫోటో, ఒకరిది పెళ్ళిలో తీసింది, ఒకరిది గ్రూప్ ఫోటోలోంచి కట్ చేసింది, కొన్ని కలర్, కొన్ని బ్లాక్ అండ్ వైట్. ఎంత సర్దినా అతుకుల బొంతలా ఉంది. ఈ పేజీ మాత్రం బాగా రావాలి నాకు, ఆ 14 మందిలో నలుగురు నాకు చదువు చెప్పారు.

అక్షరం_పిచ్చి_కరీంనగర్:

అన్నీ బ్లాక్ అండ్ వైట్ చెయ్యి చెల్లె, ముందు అదే. తర్వాత చట్రాల సైజు కాదు, మొహాల సైజు సమానం చెయ్యి, గడ్డం నుంచి నెత్తి దాకా అందరిదీ ఒకే కొలత ఉండేట్టు పెంచు, తగ్గించు. అడ్డంగ ఒక గైడ్ గీత లాగి వరసల ఉన్న అందరి కళ్ళు ఆ గీత మీదికి తీసుకురా. గ్రూప్ ఫోటోలోంచి తీసినాయనది మసకగ ఉంటది కాబట్టి ఆయన ఎంత పెద్దగ అయితే బాగుంటడో అదే అందరికీ కొలత పెట్టు, మిగతావాళ్ళని ఆయన దగ్గరికి తగ్గించు. వరసకి నలుగురు చొప్పున మూడు వరసలు, ఆఖరి వరస ఇద్దరు, వాళ్ళని నడుమకు తేకు, ఎడమ అంచుకే పెట్టి కుడి పక్క ఖాళీల స్కూల్ పేరు, శ్రద్ధాంజలి అన్న మాట పెట్టు. పేరు, చెప్పిన సబ్జెక్టు, అంతే, పేరు కింద ఇంకేం రాయకు. పెట్టినంక ఇక్కడ ఒక ఫోటో పెట్టు, కళ్ళ గీత సరిగ్గా ఉందో లేదో చూసి చెప్త.